తల ఆపరేషన్ తర్వాత కణత ఎందుకు గుంట పడుతుంది?

ఆపరేషన్ బాగా జరిగింది. స్కాన్‌లో తేడా ఏమీ లేదు. మనిషి మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్నాడు. నాలుగు నెలలు గడిచాక ఏదో పెళ్లిలో తీసిన ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. అందులో ఒక కణత నిండుగా ఉంటుంది, ఆపరేషన్ జరిగిన వైపు మాత్రం కంటి పక్కన గుంట పడి కనిపిస్తుంది. ఇక ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎముక లోపలికి దిగిపోయిందని ఒకరు, వేసిన ప్లేటు జారిందని ఒకరు, లోపల మెదడే తగ్గిపోతోందేమోనని ఇంకొకరు.

చాలామందిలో జరిగేది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఎముక ఉండాల్సిన చోటే ఉంటుంది. తగ్గింది దాని మీదున్న కండ, కొవ్వు. అయితే కొద్దిమందిలో నిజంగానే ఎముక కరిగి ఉండొచ్చు. ఇంకొందరిలో అసలు ఎముకే తిరిగి పెట్టి ఉండకపోవచ్చు. పైకి చూస్తే అన్నీ ఒకేలాంటి గుంటలు. వాటిని విడదీసేటప్పుడు గుంట ఎంత లోతుందన్నదాని కన్నా, ఎప్పుడు మొదలైందన్నదే డాక్టర్‌కు ఎక్కువ పనికొస్తుంది. అందుకే ఇక్కడ కారణాలను కూడా వీలైనంత వరకు ఆ కాలక్రమంలోనే చెబుతున్నాను.

ముందు, ఆ చోట ఏముందో

రెండు వేళ్లు కణత మీద ఆనించి పళ్లు గట్టిగా బిగించండి. వేళ్ల కింద ఒక కండ ఉబ్బి గట్టిపడుతుంది. దవడ వదిలేస్తే మెత్తబడుతుంది. దీని పేరు టెంపొరాలిస్. పుర్రె పక్క భాగమంతా విసనకర్రలా పరుచుకుని, కిందికి దిగేకొద్దీ దళసరిగా మారి, బుగ్గ ఎముక వంపు లోపలి నుంచి వెళ్లి కింది దవడకు అతుక్కుంటుంది. దీని అసలు పని నమలడం. ముఖం ఆకారానికి వచ్చేసరికి ఇంకో పని కూడా చేస్తుంది. కణత దగ్గర పుర్రె ఎముక నిజానికి పల్లంగా ఉంటుంది, ఆ పల్లాన్ని నింపి ముఖాన్ని నున్నగా చూపించేది ఈ కండే. పుర్రె బొమ్మను ఎప్పుడైనా పక్క నుంచి చూసి ఉంటే ఆ పల్లం మీకు గుర్తుండే ఉంటుంది.

కండను కప్పుతూ తెల్లటి గట్టి పొర ఒకటి ఉంటుంది. బుగ్గ ఎముకకు కాస్త పైన ఆ పొర రెండుగా చీలుతుంది, ఆ రెండింటి మధ్య కొవ్వు ఉంటుంది. ఇంకా పైన, చర్మానికి దగ్గరగా, చెవి ముందు నుంచి కనుబొమ్మ చివరి వైపు ముఖ నరం తాలూకు సన్నటి కొమ్మ ఒకటి వెళ్తుంది. కనుబొమ్మ ఎత్తేది, నుదుటి మీద ముడతలు వేసేది అదే. ఇంత చిన్న చోట ఇన్ని ఉండటమే సర్జన్‌కు వచ్చిన చిక్కు.

ఎందుకంటే మెదడు అడుగు భాగానికి చేరుకోవడానికి వాళ్లు ఎక్కువగా వాడే దారి సరిగ్గా ఇదే. నుదురు ఎముక, పక్క ఎముకలు రెండు, కంటి వెనక ఉండే స్ఫీనాయిడ్ ఎముక, ఈ నాలుగూ కలిసే చోటును టెరియాన్ అంటారు. అక్కడ పుర్రె తెరిస్తే మెదడును పెద్దగా పక్కకు నెట్టకుండానే లోపలి రక్తనాళాలు కనిపిస్తాయి. రక్తనాళం ఒకచోట ఉబ్బే అన్యూరిజానికి క్లిప్పు వేయాలన్నా, కంటి నరం దగ్గరి గడ్డ తీయాలన్నా ఇటు నుంచే వెళ్తారు. టర్కీలో పుట్టి జ్యూరిచ్‌లో పనిచేసిన గాజీ యాషర్గిల్ మైక్రోస్కోప్ సాయంతో ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చి ప్రపంచమంతా వాడేలా చేశారు. కోత మాత్రం జుట్టులో దాగిపోయేలా పెడతారు. చెవి ముందు మొదలై నుదుటి పైన జుట్టు మొదలయ్యే అంచు వెనకగా వంపు తిరిగి వెళ్తుంది. కాబట్టి మచ్చ కనబడదు. కొన్ని నెలల తర్వాత గుంట కనబడుతుంది.

మొదటి రెండు వారాలు: గుంట కాదు, వాపు

ఆపరేషన్ తర్వాత రెండో రోజు, మూడో రోజు కన్ను పూర్తిగా మూసుకుపోయేంత వాపు రావడం మామూలే. చూసినవాళ్లు హడలిపోతారు గానీ, కణత దగ్గర చేరిన నీరు, రక్తం కిందికి జారి కనురెప్పల వదులు చర్మంలో చేరుతుంది, అంతే. వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతుంది. తగ్గాల్సిన సమయంలో పెరిగితే మాత్రం ఊరుకోకూడదు. కుట్ల దగ్గర నీరు కారుతున్నా, మెత్తటి ఉబ్బు రోజురోజుకూ పెద్దదవుతున్నా మెదడు చుట్టూ ఉండే నీరు బయటికి వస్తోందేమో చూడాలి. జ్వరం, ఎర్రదనం తోడైతే ఇన్‌ఫెక్షన్ అని అనుమానించాలి.

ఇదే సమయంలో నోరు సరిగ్గా తెరుచుకోకపోవడం, నమిలితే చెవి ముందు నొప్పి కూడా ఉంటాయి. తలకు ఆపరేషన్ చేస్తే దవడ ఎందుకు పట్టేస్తుందని అడుగుతారు. కోసి పక్కకు తీసింది నమిలే కండనే కదా. నోరు తెరిచి మూసే వ్యాయామాలు డాక్టర్ చెప్పినప్పటి నుంచి మొదలుపెడితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నొప్పి అని మూసుకుని కూర్చుంటే ఇంకా బిగుసుకుపోతుంది.

వాపు ఇంకో తిప్పలు కూడా తెచ్చిపెడుతుంది. అది ఉన్నన్నాళ్లూ ఆ చోటు నిండుగా కనిపిస్తుంది. లోపల కండ అప్పటికే పలచబడటం మొదలుపెట్టి ఉండొచ్చు, వాపు దాన్ని దాచేస్తుంది. వాపు పూర్తిగా దిగాక ఒక్కసారిగా గుంట పడినట్టు అనిపించేది అందుకే.

రెండో నెల నుంచి: కండ కథ

ఎక్కువమంది అడిగే గుంట ఇదే. కండ తరగడానికి కారణం ఒకటి కాదు. ఆపరేషన్ మొత్తంలో దానికి చాలా దెబ్బలే తగులుతాయి.

ఈ కండకు రక్తం తెచ్చే ముఖ్యమైన నాళాలు, కదలిక ఇచ్చే నరాలు పైనుంచి రావు. కింద దవడ వైపు నుంచి వచ్చి, కండకూ ఎముకకూ మధ్య, దాదాపు ఎముకను ఆనుకుని పైకి వెళ్తాయి. ఎముక తెరవాలంటే కండను దాని నుంచి ఒలవాలి. ఆ పని కరెంటు కత్తితో, అంటే కాటరీతో చేస్తే రక్తస్రావం తక్కువ, పని త్వరగా అవుతుంది. కానీ ఆ వేడి సరిగ్గా ఆ నాళాలు, నరాలు ఉన్న పొరకే తగులుతుంది. అందుకే చాలామంది సర్జన్లు ఆ పొరలో కాటరీ వాడకుండా, మొద్దు పరికరంతో కింది నుంచి పైకి, కండ పోగుల వాటం ప్రకారం ఒలుచుకుంటూ వస్తారు. కొంచెం ఓపిక పట్టే పని అది.

తర్వాత ఒలిచిన కండను కొక్కేలతో కిందికి లాగి పెడతారు. అన్యూరిజం ఆపరేషన్ నాలుగైదు గంటలు పట్టిందనుకోండి, అంతసేపూ కండ మడతపడి, సాగి, రక్తం సరిగ్గా అందక ఉంటుంది.

చివర్లో మళ్లీ కుట్టాలి. ఇక్కడే అసలు తేడా వస్తుందని నా అభిప్రాయం. కండ పై అంచు పుర్రె మీద ఒక గీత వెంట అతుక్కుని ఉంటుంది. మొత్తం ఒలిచేస్తే తిరిగి కుట్టడానికి అక్కడ ఎముక తప్ప ఇంకేమీ మిగలదు. అందుకని ముందే ఆ గీత వెంట సన్నటి పట్టీలా కొంత కండను, పొరను వదిలేస్తారు, లేదా ఎముకకు చిన్న రంధ్రాలు పెట్టి వాటికి కుడతారు. ఇది సరిగ్గా కుదరకపోయినా, కుట్లు వదులైనా కండ కిందికి జారి ముడుచుకుంటుంది. అప్పుడు పైన గుంట, కింద బుగ్గ ఎముక దగ్గర ఉబ్బు, రెండూ కలిసి కనిపిస్తాయి. ఆ ఉబ్బును చూసి మళ్లీ గడ్డ పెరుగుతోందని బెంగపడేవాళ్లు ఉంటారు. పళ్లు బిగించి చూస్తే ఆ ఉబ్బే గట్టిపడుతుంది, అంటే అది జారిన కండ. ఎనిమిది గంటల ఆపరేషన్‌లో చివరి అరగంట కుట్టుకు ఇచ్చే ఓపికే ఏడాది తర్వాత ముఖం మీద కనబడుతుంది.

నరం దెబ్బతిన్న కండ, సాగదీసి కట్టని కండ, నొప్పి వల్ల వాడకుండా వదిలేసిన కండ మూడూ సన్నబడతాయి. ఈ మార్పు ఎక్కువగా తొలి ఆరు నెలల నుంచి ఏడాది లోపు జరిగి తర్వాత నిలబడిపోతుంది. ఆ నిలబడిపోవడమే మంచి గుర్తు. ఏడాది దాటాక కొత్తగా గుంట పెరుగుతుంటే కండ ఒక్కటే కారణం కాకపోవచ్చు, దాని సంగతి తర్వాత చెబుతాను.

కనుబొమ్మా, కొవ్వా

ఇక్కడ సర్జన్ ఎటు వెళ్లినా ఏదో ఒకటి పణంగా పెట్టక తప్పదు.

కనుబొమ్మ ఎత్తే నరం చర్మానికి దగ్గరగా వెళ్తుందని చెప్పాను కదా. చర్మాన్ని ముందుకు మడిచేటప్పుడు అది తెగినా, బాగా సాగినా ఆ వైపు నుదురు కదలదు, కనుబొమ్మ కిందికి వాలుతుంది. సాగిన నరం కొన్ని నెలల్లో కోలుకుంటుంది, తెగినది మామూలుగా కోలుకోదు. దీన్ని కాపాడటానికి యాషర్గిల్ బృందం 1987లో ఒక పద్ధతి రాసింది. గట్టి పొర రెండుగా చీలే చోట, ఆ రెండు పొరల మధ్య నుంచి వెళ్లాలి. అప్పుడు నరం పై పొరతో పాటు చెక్కుచెదరకుండా ముందుకు వచ్చేస్తుంది. చాలామంది సర్జన్లు దాన్నే నేర్చుకున్నారు.

అయితే ఆ రెండు పొరల మధ్య ఉండేదేమిటి? కొవ్వు. దాని మధ్య నుంచి దారి చేసుకుంటే, దానికి రక్తం ఇచ్చే నాళాలు దెబ్బతిని ఆ కొవ్వు మెల్లగా కరిగిపోవచ్చు. కండ బాగానే ఉన్నా కంటి పక్కన, బుగ్గ ఎముకకు పైన గుంట పడేది ఇలాగే. అందుకని కొందరు రెండు పొరల కిందికీ దిగి, కండను ఆనుకుని వెళ్తారు, కొవ్వును ముట్టుకోరు. ఇంకొందరు చర్మాన్నీ కండనూ విడదీయకుండా ఒకే మందంగా లేపుతారు. నరానికి, కొవ్వుకు అదే అన్నిటికన్నా భద్రం. కానీ ఆ దళసరి మడత కంటి వైపు అడ్డుపడి సర్జన్‌కు లోపల కనిపించే మేరను తగ్గిస్తుంది. లోతులో ఉన్న అన్యూరిజం చిట్లే ప్రమాదం ఉన్నప్పుడు కనిపించే మేర తగ్గించుకోమని ఏ సర్జన్‌కూ చెప్పలేం. గుంట పడింది కాబట్టి ఆపరేషన్ సరిగ్గా చేయలేదని తేల్చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నుదురు కదలకపోవడం చూసి పక్షవాతం అనుకోవడమూ ఉంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. మెదడు వల్ల మూతి వంకర పోయినప్పుడు నుదురు ముడతలు మామూలుగా నిలిచి ఉంటాయి, ఎందుకంటే నుదురుకు మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. ఈ చిన్న కొమ్మ దెబ్బతింటే దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: మూతి బాగానే ఉంటుంది, నుదురు ఒక్కటే కదలదు. ముఖం సగం మొత్తం, కన్ను మూయడంతో సహా, పోతే అది ఇంకో చోట ముఖ నరం మొదటి భాగానికి తగిలిన దెబ్బ. చెవి వెనక నుంచి వినికిడి నరం గడ్డ తీసిన ఆపరేషన్లలో ఇలా జరుగుతుంటుంది.

ఎముక వల్ల వచ్చే చిన్న పల్లాలు

ఎముక తీయడానికి ముందు డ్రిల్‌తో రంధ్రాలు పెడతారు, ఒక్కోటి సుమారు ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు. వాటి మధ్య రంపంతో కోస్తే ఆ గీత మందం మేర ఎముక పొడైపోతుంది. కంటి వెనక స్ఫీనాయిడ్ ఎముక అంచును అరగదీయడం కూడా ఈ ఆపరేషన్‌లో భాగమే. అంటే తీసిన ముక్కను తిరిగి పెట్టినా చుట్టూ కొంత ఖాళీ తప్పదు. టైటానియం ప్లేట్లతో బిగించేటప్పుడు ఆ ఖాళీని ఒకవైపుకే వదిలేస్తే, ముఖ్యంగా నుదుటి వైపు వదిలితే, చర్మం అందులోకి దిగి వేలు పట్టేంత పల్లం తెలుస్తుంది. అందుకే ముక్కను నుదుటి వైపు ఆనించి బిగిస్తారు, ఖాళీ ఏదైనా ఉంటే జుట్టు కింద ఉండేలా. బట్టతల ఉన్నవాళ్లకు ఆ సదుపాయం లేదు పాపం.

ఎముకే లేనప్పుడు

ఇక బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలినవాళ్ల సంగతి వేరే. మెదడు విపరీతంగా వాచినప్పుడు దానికి చోటివ్వడానికి ఒక వైపు ఎముకను పెద్ద ముక్కగా తీసేసి, అప్పటికి తిరిగి పెట్టరు. ఆ ముక్క చిన్నది కాదు, పన్నెండు సెంటీమీటర్లకు పైనే వెడల్పు ఉంటుంది. పెద్ద పక్షవాతంలో కూడా ఇదే చేస్తారు. తీసిన ఎముకను మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో పొట్ట చర్మం కింద దాస్తారు, కొన్నిచోట్ల డీప్ ఫ్రీజర్‌లో ఉంచుతారు. "ఎముక పొట్టలో పెట్టారంట" అని బంధువులు వింతగా చెప్పుకునేది దీని గురించే. తలకు కట్టిన కట్టు మీద పెన్నుతో పెద్దగా "ఇక్కడ ఎముక లేదు" అని రాసి ఉంటుంది, పక్క మార్చే ఆయాలు, ఇంటివాళ్లు అటువైపు ఒత్తకుండా.

మొదటి వారాల్లో ఆ చోటు పైకి ఉబ్బి ఉంటుంది. మెదడు వాపు తగ్గేకొద్దీ చదునై, తర్వాత లోపలికి దిగుతుంది. బయటి గాలి ఒత్తిడిని ఆపే ఎముక అక్కడ లేదు కదా. ఈ గుంటకో గుర్తుంది: పడుకుంటే కొంత నిండుతుంది, లేచి కూర్చుంటే ఇంకా దిగుతుంది. కండ తరిగిన గుంట అలా మారదు.

గుంట కనిపిస్తే చాలదు, మనిషి ఎలా ఉన్నాడో చూడాలి. లేచి కూర్చుంటే తలనొప్పి, తల తిరగడం, బాగుపడుతున్న చెయ్యి మళ్లీ బలహీనపడటం, మాట తడబడటం, మత్తుగా ఉండటం కనిపిస్తే అది ఆకారానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. 1939లోనే గ్రాంట్, నార్‌క్రాస్ అనే డాక్టర్లు దీనికి పేరు పెట్టారు, సిండ్రోమ్ ఆఫ్ ద ట్రెఫైన్డ్ అని. తలలో నీటిని కిందికి దించే షంట్ ఉన్నవాళ్లలో, నడుము నుంచి నీరు తీసినవాళ్లలో ఇది ఎక్కువ కావొచ్చు. ఎముక తిరిగి పెడితే చాలామంది తేరుకుంటారు. ఆ ఆపరేషన్‌ను క్రేనియోప్లాస్టీ అంటారు, సాధారణంగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు చేస్తారు.

ఎముక పెట్టేశాక కూడా కణత గుంటగానే ఉండటం చూసి చాలామంది నిరాశపడతారు. కారణం మళ్లీ పాత కండే. నెలల తరబడి అది మెదడు పైపొరకు అతుక్కుని, సన్నబడి ఉంటుంది. దాన్ని విడదీయబోతే కింద మెదడుకు దెబ్బ తగలొచ్చు, అందుకే కొందరు సర్జన్లు దాన్ని అలాగే వదిలి పైన ఎముక పెడతారు. ఎముక వంపు తిరిగి వస్తుంది, కండ మందం రాదు.

ఏడాది తర్వాత మొదలయ్యే గుంట

తీసి మళ్లీ పెట్టిన ఎముకకు సొంత రక్తం ఉండదు. చుట్టూ ఉన్న ఎముక నుంచి కణాలు మెల్లగా అందులోకి పాకాలి. ఆ పని సరిగ్గా జరగకపోతే శరీరం దాన్ని కొద్దికొద్దిగా కరిగించేసుకుంటుంది. పిల్లల్లో, ముక్కలైన ఎముకల్లో ఇది ఎక్కువ. ఇక్కడ గుంట అంచులు పదునుగా తెలుస్తాయి, నొక్కితే మెత్తగా తగలొచ్చు, స్క్రూ తల చర్మం కింద గట్టిగా చేతికి తగలొచ్చు. సీటీ స్కాన్‌లో విషయం తేలిపోతుంది. చర్మం ఎర్రబడి చీము కారుతుంటే ఇన్‌ఫెక్షన్ వల్ల ఎముక పోతున్నట్టు, అది వాయిదా వేసే విషయం కాదు.

ఆపరేషన్ చేసిన చోటుతో సంబంధం లేకుండా ముఖాన్ని మార్చేవి రెండున్నాయి. గడ్డ చుట్టూ వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ కొన్ని వారాలు వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. మందు తగ్గించాక ఉబ్బు దిగి, అప్పటిదాకా కనిపించని కణత గుంట బయటపడుతుంది. రెండోది, ఐసీయూలో నెల రోజులు ముక్కులో ట్యూబుతో ఉన్న మనిషి బాగా చిక్కిపోతాడు, రెండు కణతలూ లోతుకు వెళ్తాయి. అప్పుడు రెండు వైపులా పోల్చి చూడకుండా ఆపరేషన్ వైపు మాత్రమే చూస్తే తప్పుదారి పడతాం.

ఏం చేయించుకోవచ్చు

ముందు ఒక మాట. తలకు నూనె పెట్టి ఒత్తితే సర్దుకుంటుందని ఇంట్లో పెద్దలు చెబుతారు. తరిగిన కండను మర్దన తిరిగి తేలేదు. ఎముక లేని తల మీద, కుట్లు మానని తల మీద ఒత్తడం ప్రమాదం కూడా.

కండ, కొవ్వు వల్ల వచ్చిన గుంటకు తొందర లేదు. మార్పు ఆగేదాకా, అంటే కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగమని సర్జన్లు చెబుతారు. తక్కువ లోతైతే పొట్ట నుంచో తొడ నుంచో సొంత కొవ్వు తీసి ఎక్కిస్తారు. అందులో కొంత భాగం కరిగిపోతుంది కాబట్టి ఒకటికి రెండుసార్లు చేయాల్సి రావొచ్చు. లోతు ఎక్కువైతే కండ కిందో, ఎముక మీదో బోన్ సిమెంట్, టైటానియం మెష్, లేదా సీటీ స్కాన్ కొలతలతో తయారుచేసిన పీక్ అనే ప్లాస్టిక్ ఇంప్లాంట్ పెడతారు. పీక్ ఆకారం బాగా కుదురుతుంది, ఖర్చూ బాగానే అవుతుంది. టైటానియం మెష్ పైన చర్మం బాగా పలచబడి ఉంటే, రేడియేషన్ తీసుకుని ఉంటే, కొన్నేళ్లకు అది చర్మాన్ని తొలుచుకుని బయటపడే ప్రమాదం ఉంది.

బ్యూటీ క్లినిక్‌లో ఫిల్లర్ ఇంజక్షన్‌తో అరగంటలో నింపేస్తామనే ప్రకటనలు కనిపిస్తాయి. మామూలు కణతకే ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చూపు పోయిన సందర్భాలున్నాయి. ఒకసారి ఆపరేషన్ జరిగిన కణతలో పొరలు, నాళాలు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండవు. ఆపరేషన్ చేసిన సర్జన్‌ను అడగకుండా, డిశ్చార్జ్ సమ్మరీ చూపించకుండా ఆ సూది వేయించుకోవద్దు. సమ్మరీలో ఎముక తిరిగి పెట్టారా, ఏ ప్లేటు వాడారు, కండను ఎలా కుట్టారు అన్నవి ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకోండి. గుంట మారుతోందో లేదో తేల్చుకోవడానికి నెలకోసారి అదే గదిలో, అదే వెలుతురులో, ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుంటే సరిపోతుంది. నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఉంటే ఎవరి కణతైనా గుంటగానే కనిపిస్తుంది.

టైటానియం ప్లేట్లు ఉంటే ఎంఆర్ఐ తీయకూడదేమోనని కూడా చాలామంది భయపడతారు. టైటానియాన్ని అయస్కాంతం లాగదు, కాబట్టి ప్లేట్లున్నాయని ఎంఆర్ఐ ఆపాల్సిన పనిలేదు. అన్యూరిజం క్లిప్పు ఉన్నవాళ్లు మాత్రం ఆ క్లిప్పు కంపెనీ, మోడల్ రాసిన కార్డు స్కానింగ్ సెంటర్‌లో ముందే చూపించాలి, పాతకాలపు క్లిప్పుల్లో కొన్నిటిని అయస్కాంతం లాగుతుంది.